అప్పుల ఇంటి దెయ్యం

దెయ్యాల సినిమాలను గురించి మన విమర్శకులు సాధారణంగా రెండు మాటలు చెప్పి ఊరుకుంటారు. అవి మూఢనమ్మకాలను పెంచుతాయన్నది మొదటి మాట. వాటిలో కళ అనేది లేదు, ఒకదాన్ని చూస్తే అన్నిటినీ చూసినట్టే అన్నది రెండో మాట. రెండూ నిజమే. కాని నిజమైన మాటతోనే పని పూర్తికాదు. ఒక ఎత్తు వందసార్లు వేసి అరిగిపోయిందని తెలిసికూడా నూటొకటోసారి జనం డబ్బిచ్చి భయపడుతున్నారంటే, అందుకు కారణం ఆ ఎత్తులో దొరకదు. ఆ జనం బతుకుల్లో వెతకాలి.

ఈ దృష్టితో పరిశీలించదగిన చిత్రం 1979లో అమెరికాలో విడుదలైన ‘ది అమిటీవిల్ హారర్’. కళాఖండాల జాబితాలో దీన్ని ఎవరూ చేర్చలేదు. విడుదలైన నాడే పత్రికల వాళ్ళు తీసిపారేశారు. దర్శకుడు స్టూవర్ట్ రోజెన్‌బర్గ్ అంతకు పన్నెండేళ్ళ ముందు, 1967లో, ‘కూల్ హ్యాండ్ ల్యూక్’ వంటి మంచి చిత్రం తీసినవాడే. అయినా ఇందులో అతను కొత్తగా కనిపెట్టిన భయం ఒక్కటీ లేదు. 47 లక్షల డాలర్లతో తయారైన ఈ చిత్రం అమెరికాలోనే 8 కోట్ల 60 లక్షల డాలర్లు వసూలు చేసింది. ఆ ఏడు అత్యధికంగా ఆడిన చిత్రాల్లో ఒకటైంది. పాత సరుకుకు ఇంత గిరాకీ ఎందుకు వచ్చింది? ఈ వ్యాసంలో చర్చించదలచిన ప్రశ్న ఇదే.

1

ముందు ఆ పాత సరుకు వంశావళి కొంత చూడాలి. మన ఆలంకారికులు భయానక రసానికి విభావాలు చెబుతూ వికృతమైన శబ్దాలు, భూతాలు కనబడటం, నక్కల ఊళలు, గుడ్లగూబల కూతలు, పాడుబడిన ఇళ్ళు, అడవులు అని ఒక పట్టిక ఇచ్చారు. ‘శూన్యగృహం’ నాట్యశాస్త్రంలోనే ఉన్నది. ఆ పట్టిక చేతబట్టుకొని హాలీవుడ్ స్టూడియోలో అడుగుపెడితే కొత్తగా చేర్చవలసింది అట్టే కనబడదు.

అయితే ఐరోపాలో శూన్యగృహానికి ఒక విశేషం తోడయింది. అక్కడ దెయ్యం ఉన్న ఇల్లంటే మొదటినుంచీ ఆస్తి తగాదా ఉన్న ఇల్లు. ఇంగ్లీషులో ఈ జాతి నవలలకు మొదటిదని చెప్పే హొరేస్ వాల్పోల్ నవల ‘ది కాజిల్ ఆఫ్ ఒట్రాంటో’ 1764 చివర వెలువడింది. అందులో కోటను అనుభవిస్తున్న వంశం దాన్ని అన్యాయంగా ఆక్రమించుకున్నది. చంపబడిన అసలు యజమాని భూతమై పెరిగి పెరిగి కోట గోడలను కూల్చివేస్తాడు. అసలు వారసుడు బయటపడతాడు. అంటే ఆ భూతం చేసిన పని ఒక సివిలు కోర్టు చేయవలసిన పని. భూస్వామ్యం కుంగిపోతూ, డబ్బున్నవాడు పైకి వస్తూ ఉన్న కాలంలో ఆస్తిహక్కు ఎవరిదన్న ప్రశ్న ఈ రూపంలో కథల్లోకి వచ్చింది.

సినిమా ఈ వారసత్వాన్ని యథాతథంగా అందుకున్నది. 1927లో పాల్ లెనీ తీసిన మూకీ చిత్రం ‘ది క్యాట్ అండ్ ది కెనరీ’లో బంధువులందరూ పాత మేడలో చేరేది వీలునామా చదివించుకోవటానికి. ఆస్తి దక్కిన అమ్మాయిని భయపెట్టి పిచ్చిదాన్ని చేయటమే అక్కడి కుట్ర. 1944 నాటి ‘ది అనిన్‌వైటెడ్’లో అన్నాచెల్లెళ్ళు సముద్రతీరాన ఒక ఇంటిని చవగ్గా కొంటారు. ఎందుకంత చవగ్గా వచ్చిందో తర్వాత తెలుస్తుంది. చవక బేరం వెనుక చావు ఉండటమనే ఈ సూత్రం మన కథకు ముఖ్యమైనది.

ప్రేక్షకుణ్ణి ఉలికిపెట్టే పద్ధతికి కూడా ఆర్థిక చరిత్ర ఉన్నది. 1942లో ఆర్.కె.ఓ. కంపెనీకి డబ్బు కరువై, వాల్ లూటన్ అనే నిర్మాతకు చిత్రానికి లక్షన్నర డాలర్లు మించకుండా భయానక చిత్రాలు తీసే పని అప్పగించింది. రాక్షసులను సృష్టించటానికి డబ్బు చాలదు. కనుక లూటన్, దర్శకుడు జాక్ టర్నర్ కలిసి చీకటినీ చప్పుడునూ వాడుకున్నారు. ‘క్యాట్ పీపుల్’లో రాత్రివేళ ఒంటరిగా నడుస్తున్న స్త్రీని ఏదో వెంటాడుతున్నట్టుంటుంది. అడుగుల చప్పుడు ఆగిపోతుంది. ఒక్కసారిగా బుస్సుమని చప్పుడై ప్రేక్షకుడు ఎగిరిపడతాడు. చూస్తే ఆ చప్పుడు ఆగుతున్న బస్సుది. నేటికీ భయానక చిత్రాల్లో వాడుతున్న ఉలికిపాటు ఇదే. ఇది చవకగా దొరికే భయం. పెట్టుబడి తక్కువ, రాబడి నమ్మకం. అందుకే వ్యాపారులు దీన్ని వదలలేదు.

‘అమిటీవిల్’ నిర్మించిన అమెరికన్ ఇంటర్నేషనల్ పిక్చర్స్ అలాంటి వ్యాపారంలో ఆరితేరిన సంస్థ. 1950లలో మొదలై, కార్లలో కూర్చొని చూసే ఆరుబయలు సినిమాహాళ్ళకు వచ్చే కుర్రకారు కోసం చవక చిత్రాలు గుట్టలుగా తీసింది. 1973లో ‘ది ఎక్సార్సిస్ట్’ కోట్లు గడించిన తర్వాత చర్చి ఫాదరూ, సైతానూ, మంచం మీద వణికే పిల్లా అనే దినుసులు బజారులో బాగా చెలామణిలోకి వచ్చాయి. ‘అమిటీవిల్’లో ఫాదరు ఉన్నాడు. ఈగల మూకలున్నాయి. నెత్తురు కారే గోడలు, కిటికీలో ఎర్రటి కళ్ళు, నేలమాళిగలో రహస్యపు గది, పిల్ల ఒక్కతే మాట్లాడే కంటికి కనబడని స్నేహితురాలు అన్నీ ఉన్నాయి. అన్నీ ఇదివరకు చూసినవే.

2

కాని ఈ చిత్రానికి ఒక అదనపు హంగు ఉన్నది. ఇది జరిగిన కథ అని ప్రకటించుకున్నది. జరిగినదేమిటో చూద్దాం.

న్యూయార్కు నగరానికి తూర్పున లాంగ్ ఐలండ్ అనే పొడవాటి దీవి ఉంది. దాని దక్షిణ తీరాన ఉన్న చిన్న ఊరు అమిటీవిల్. అక్కడ 112 ఓషన్ ఎవెన్యూ అనే ఇల్లు మూడంతస్తులది. వెనుక కాలువ, పడవల షెడ్డు, ఈతకొలను. నగరంలో కష్టపడి నాలుగు డబ్బులు కూడబెట్టుకున్నవాడి కలలకు అది నమూనా. 1965లో దాన్ని కొన్న డిఫెయో కుటుంబం వాకిట్లో పెట్టుకున్న బోర్డు మీద రాసుకున్న పేరుకు ‘గొప్ప ఆశలు’ అని అర్థం. 1974 నవంబరు 13 తెల్లవారుజామున ఆ ఇంటి పెద్దకొడుకు, 23 ఏళ్ళ రోనాల్డ్ డిఫెయో, తల్లిదండ్రులనూ, నలుగురు తోబుట్టువులనూ తుపాకితో కాల్చి చంపాడు. మతి చలించి చేశాడని అతని న్యాయవాది విలియమ్ వెబర్ వాదించాడు. జూరీ ఆ వాదనను అంగీకరించలేదు. 1975 నవంబరులో నేరం రుజువైంది. అతను 2021లో శిక్ష అనుభవిస్తూనే చనిపోయాడు.

నేరం రుజువైన మరుసటి నెలలోనే జార్జి, క్యాథీ లట్జ్ దంపతులు ముగ్గురు పిల్లలతో ఆ ఇంట్లో దిగారు. ధర 80 వేల డాలర్లు. అటువంటి ఇంటికి అది తక్కువ ధర. హత్యల సంగతి వారికి తెలిసే కొన్నారు. జార్జి భూముల సర్వే చేసే చిన్న వ్యాపారస్తుడు. 28 రోజులు గడిచేసరికి, 1976 జనవరి మధ్యలో, వారు సామాను సైతం వదిలి వెళ్ళిపోయారు. ఆ మార్చిలో ఎడ్, లొరేన్ వారెన్ అనే దెయ్యాల పరిశోధక దంపతులు టెలివిజన్ బృందంతో సహా ఆ ఇంటికి వచ్చారు. ఇల్లు తిరిగి బ్యాంకుకు చేరింది. 1977లో జే ఆన్సన్ అనే రచయిత లట్జ్ దంపతుల మాటల ఆధారంగా పుస్తకం రాశాడు. ‘నిజంగా జరిగిన కథ’ అని అట్టమీద ఉన్న ఆ పుస్తకం లక్షలకు లక్షలుగా అమ్ముడుపోయింది.

ఆ తర్వాత పుస్తకపు డబ్బు గురించి కోర్టు తగాదాలు వచ్చాయి. 1979లో బ్రూక్లిన్ ఫెడరల్ కోర్టు జడ్జి జాక్ వైన్‌స్టైన్, ఆ పుస్తకం చాలావరకు కల్పనగా తోస్తున్నదనీ, అందులో వెబర్ అందించిన సూచనలు పెద్దవనీ వ్యాఖ్యానించాడు. అదే ఏడు వెబర్ స్వయంగా, ఈ కథను తామంతా ద్రాక్షసారా సీసాలు ఖాళీచేస్తూ కూర్చొని అల్లామని పత్రికలకు చెప్పాడు. లట్జ్ దంపతులు మాత్రం తమకు జరిగింది నిజమేనని చివరివరకూ అన్నారు. ఆ ఇంట్లో తర్వాత కాపురమున్న వారికి దెయ్యాల వల్ల ఏ బాధా కలగలేదు. వారిని వేధించింది ఇల్లు చూడటానికి ఎగబడ్డ జనం. ఆ బాధ పడలేక కళ్ళలా కనిపించే పై కిటికీలను మార్పించారు. ఇంటి నంబరు సైతం మారింది.

పాఠకులు ఒక సంగతి గమనించాలి. బండారం బయటపడిన సంవత్సరమూ, సినిమా కోట్లు గడించిన సంవత్సరమూ ఒక్కటే. నిజం బయటపడటం వల్ల భయం తగ్గలేదు. దెయ్యం లేదని రుజువు చేస్తే దెయ్యం భయం పోతుందనుకునే హేతువాదికి ఇది జవాబు చెప్పవలసిన ప్రశ్న.

3

జవాబు కావాలంటే ఆ సినిమా ఆడిన కాలంలోకి వెళ్ళాలి.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికను పాలకవర్గం తన కార్మికులకూ, ఉద్యోగులకూ ఇచ్చిన గొప్ప వాగ్దానం సొంత ఇల్లు. ఆ వాగ్దానానికి పుట్టినిల్లు లాంగ్ ఐలండే. 1947లో లెవిట్ కంపెనీ అమిటీవిల్‌కు దగ్గర్లోనే లెవిట్‌టౌన్ కట్టటం ప్రారంభించింది. ఒకే అచ్చులో పోసినట్టు 17 వేలకు పైగా ఇళ్ళు కొద్ది ఏళ్ళలో లేచాయి. ప్రభుత్వం పూచీపడిన అప్పుతో యుద్ధం నుంచి తిరిగొచ్చిన సిపాయిలు వాటిని కొన్నారు. తెల్లజాతి వారు కానివారు అక్కడ కాపురముండరాదని ఒప్పందంలోనే రాశారు. సొంత ఇల్లున్నవాడికి సమ్మెలు చేసే తీరిక ఉండదన్న ఆలోచన ఆ కాలపు పెట్టుబడిదారుల్లో బాహాటంగానే ఉండేది. ముప్ఫై ఏళ్ళ వాయిదాలు మెడకు తగిలించుకున్నవాడు ఉద్యోగం పోతుందంటే భయపడతాడు గదా!

1970లలో ఈ వాగ్దానం బీటలు వారింది. 1973 చివర చమురు ధర నాలుగింతలైంది. 1974లో ధరలు ఏడాదిలో 11 శాతం పెరిగాయి. 1975 మే నాటికి నిరుద్యోగం 9 శాతానికి చేరింది. ఆ శరత్కాలంలో సాక్షాత్తు న్యూయార్కు నగర ప్రభుత్వమే దివాలా అంచుకు పోయింది. లట్జ్ కుటుంబం ఇల్లు కొన్నది సరిగ్గా అప్పుడే. ఆనాడు ఇంటి తనఖా అప్పు మీద వడ్డీ 9 శాతం ప్రాంతంలో ఉండేది. ఎవరైనా 60 వేల డాలర్లు 30 ఏళ్ళ గడువుతో ఆ వడ్డీకి తీసుకుంటే నెలకు 480 డాలర్లకు పైగా కట్టాలి. మొత్తం మీద కట్టేది 1 లక్షా 73 వేల డాలర్లు దాటుతుంది. ఒక ఇల్లు తనకు కొనుక్కొని, దాదాపు రెండిళ్ళు బ్యాంకుకు కొనిపెట్టటమన్న మాట. ఇంటిపన్ను వేరు. చలికాలంలో ఇల్లు వెచ్చబెట్టుకోవటానికి చమురు ఖర్చు వేరు. సినిమా విడుదలైన 1979 నాటికి వడ్డీ 11 శాతం దాటింది. 1981లో 18 కూడా దాటింది.

ఈ అంకెలన్నీ మనసులో పెట్టుకొని సినిమా చూస్తే, అరిగిపోయిన ఎత్తులన్నీ వేరే రంగులో కనబడతాయి.

4

చిత్రంలో మొదట హత్యలు. తర్వాత ఇళ్ళు అమ్మిపెట్టే ఏజెంటమ్మ లట్జ్ దంపతులకు ఇల్లు చూపిస్తుంది. గది తర్వాత గది చూపిస్తున్నప్పుడు ఆ గదిలో జరిగిన హత్య మెరుపులా కనబడి మాయమవుతుంది. బేరమూ, నెత్తురూ పక్కపక్కనే నడుస్తాయి. చిత్రం మొత్తంలో కళ అనదగ్గది ఈ ఘట్టమే. ఇళ్ళకు జ్ఞాపకాలుండవని జార్జి తనకు తాను సర్దిచెప్పుకుంటాడు. ఒకరి చావు వల్ల తగ్గిన ధర తనకు లాభించిందని అతనికి తెలుసు. తమ వంశంలో అందరూ అద్దె ఇళ్ళవాళ్ళేననీ, ఇల్లు కొన్నది తామే మొదటనీ క్యాథీ మురిసిపోతుంది. జార్జిగా జేమ్స్ బ్రోలిన్, క్యాథీగా మార్గట్ కిడర్ ఈ మురిపాన్నీ, దాని వెనుక గుబులునూ నమ్మకంగా నటించారు.

ఇక ఆ ఇంట్లో జరిగే ఘోరాలను లెక్కవేయండి. మరుగుదొడ్లో నల్లటి బురద ఉబికి వస్తుంది. తలుపులు సరిగా పడవు. గోడలు కారతాయి. పనికి పోవటం మానేసిన జార్జి వ్యాపారం మూలపడుతుంది. క్యాథీ తమ్ముడి పెళ్ళినాడు వంటవాళ్ళకు ఇవ్వవలసిన 1500 డాలర్ల నోట్లు కోటుజేబులోంచి మాయమవుతాయి. ఇంటిల్లిపాదీ సోఫాలు దులిపి, నేలమీద పాకి వెతుకుతారు. ఈ చిత్రంలో దెయ్యం చేసిన హత్య ఒక్కటీ లేదు. అది చేసిన అత్యంత క్రూరమైన పని డబ్బు ఎత్తుకుపోవటం! అమెరికను భయానక నవలాకారుడు స్టీఫెన్ కింగ్ 1981లో రాసిన విమర్శగ్రంథంలో, ఈ చిత్రం అసలు సారం ఆర్థికమైన ఆందోళనేనని గుర్తించాడు. మార్క్సిస్టు కాని రచయితకే అది కనబడింది.

ఇంకొక వివరం ఉన్నది. జార్జి ఎప్పుడూ చలితో వణికిపోతుంటాడు. గొడ్డలి పట్టుకొని రాత్రింబగళ్ళు కట్టెలు కొడుతుంటాడు. నిప్పుగూడులో ఎన్ని కట్టెలు వేసినా ఇల్లు వెచ్చబడదు. దెయ్యాల శాస్త్రంలో ఇది పాత లక్షణమే. భూతం ఉన్న చోట చలి ఉంటుందంటారు. కాని 1977 ఫిబ్రవరిలో అధ్యక్షుడు కార్టర్ ఉన్నికోటు తొడుక్కొని టెలివిజన్లో కనబడి, ఇళ్ళలో వేడి తగ్గించుకోండని ప్రజలకు చెప్పాడు. 1979లో ఇరాన్ విప్లవం తర్వాత పెట్రోలు బంకుల ముందు మైళ్ళ కొద్దీ కార్లు బారులు తీరాయి. ‘అమిటీవిల్’ విడుదలైంది ఆ వేసవిలోనే, జులై 27న. వెచ్చబెట్టుకోవటానికి స్తోమతు చాలని పెద్ద ఇల్లు ఆ ప్రేక్షకుడికి కొత్త భయం కాదు. గడిచిన చలికాలంలో అనుభవించిందే.

ఆ ఇంటికి వచ్చిన ఫాదరుతో కంటికి కనబడని గొంతు ఒకటి బయటికి పొమ్మని గర్జిస్తుంది. చిత్రానికి ప్రచారమంతా ఈ గర్జన చుట్టూ జరిగింది. వాయిదాలు తప్పిన ప్రతి ఇంటికీ ఒకనాడు వచ్చే మాట అదే. వాస్తవ జీవితంలో దాన్ని బ్యాంకు గుమాస్తా కాగితం మీద మర్యాదగా టైపు కొట్టి పంపుతాడు.

5

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి ఈ చిత్రం ప్రజల పక్షాన నిలిచిందని ఎవరైనా అనుకుంటే పొరపాటు. అది ప్రజల భయాన్ని పట్టుకున్నది నిజమే. పట్టుకొని ఏం చేసిందన్నది చూడాలి.

భయం నిజమైనది, చూపిన కారణం అబద్ధం. కుటుంబాన్ని కుంగదీస్తున్నది అప్పు. చిత్రం దాన్ని సైతాను అంటుంది. అప్పిచ్చినవాడి ముఖం తెరమీద ఒక్కసారైనా ప్రధానంగా కనబడదు. భూతాన్ని అదృశ్యంగా ఉంచి భయపెట్టటం ఈ జాతి చిత్రాల శిల్పరహస్యమంటారు. అసలు అదృశ్యంగా మిగిలిపోయినవాడు మాత్రం వడ్డీ తినేవాడు. పెట్టుబడిని రక్తపిశాచంతో పోల్చిన మార్క్స్ కనబడనిదాన్ని కళ్ళకు కట్టించటానికి ఆ పోలిక వాడాడు. హాలీవుడ్ కనబడుతున్నదాన్ని దాచటానికి వాడుకున్నది.

రెండవది, చరిత్రను తలకిందులు చేయటం. ఇల్లున్న చోట పూర్వం షిన్నెకాక్ జాతి ఆదివాసులు తమలోని రోగులనూ, పిచ్చివాళ్ళనూ చావటానికి వదిలేసేవారని ఆన్సన్ పుస్తకం రాసింది. షిన్నెకాక్ ప్రజల నేల అక్కడికి చాలా దూరాన, దీవి తూర్పుకొనన ఉన్నది. ఆ జాతి గతించిపోనూ లేదు. దీర్ఘకాలం పోరాడి 2010లో ఫెడరల్ ప్రభుత్వపు గుర్తింపు సైతం పొందింది. భూమి పోగొట్టుకున్నవారు తెరమీద దెయ్యాలయ్యారు. ఆ భూమిని కొనుక్కున్నవారు అమాయక బాధితులయ్యారు. 1980లో క్యూబ్రిక్ తీసిన ‘ది షైనింగ్’లోనూ హోటలు కింద ఆదివాసుల శ్మశానం ఉంటుంది. తర్వాత అది భయానక కథలకు అరిగిపోయిన ఊతపదమైంది. అమిటీవిల్‌కు ఉత్తరాన తరతరాలుగా నల్లజాతి వారు కాపురముంటున్న పేట ఉన్నది. ఈ చిత్రానికి ఆ పేట కనబడలేదు. ఇల్లు దక్కనివారి కథ దానికి పట్టదు. దక్కిన ఇల్లు జారిపోతున్నవారి కథ మాత్రమే పడుతుంది.

మూడవది, ఇంట్లో పురుషుడి దౌర్జన్యం. డబ్బు బెంగతో జార్జి ముఖం నల్లబడుతుంది. పిల్లల మీద అరుస్తాడు. చివరకు గొడ్డలి ఎత్తుతాడు. ఆర్థికంగా చితికిన మగవాడు తన కోపాన్ని ఇంట్లో ఆడవాళ్ళ మీద, పిల్లల మీద తీర్చుకోవటం లోకంలో నిత్యం జరిగేదే. చిత్రం అక్కడిదాకా వచ్చి, అదంతా ఇంటి ప్రభావమని చెప్పి జార్జిని విడుదల చేస్తుంది. నిజమైన హత్యలు చేసిన యువకుడి విషయంలో జూరీ ఒప్పుకోని సాకును తెర ఒప్పుకున్నది.

ముగింపు మరీ విచిత్రం. వానలో కుటుంబం కారెక్కి పారిపోతుంది. వారు ఇంటినీ, సామాన్లనూ మళ్ళీ కోరలేదని అక్షరాలు పడతాయి. ప్రేక్షకుడు గుండెలనిండా ఊపిరి పీల్చుకుంటాడు. అప్పును ఇంట్లోనే వదిలి పారిపోగలగటం కన్న తీయని కల అప్పులవాడికి ఏముంటుంది? దెయ్యం ఆ కుటుంబానికి చేసిన అపకారం కన్న ఉపకారమే ఎక్కువేమో ననిపిస్తుంది.

6

ఈ కథ అక్కడితో ఆగలేదు. దెయ్యానికి బజారు ధర ఏర్పడింది. న్యూయార్కు రాష్ట్రంలోనే నయాక్ అనే ఊళ్ళో ఒకరు తమ ఇంట్లో దెయ్యాలున్నాయని ఊరంతా ప్రచారం చేసి, ఆ సంగతి చెప్పకుండా ఇల్లు అమ్మజూపారు. కొన్నవారు కోర్టుకు వెళ్ళారు. 1991లో అప్పీలు కోర్టు, న్యాయం దృష్టిలో ఆ ఇంట్లో దెయ్యాలున్నట్టేననీ, కొన్నవారు బేరం రద్దు చేసుకోవచ్చనీ తీర్పు చెప్పింది. దెయ్యాలు ఉన్నాయా లేవా అన్నది కోర్టుకు అక్కర్లేదు. వాటివల్ల ఇంటి విలువ తగ్గుతుందా లేదా అన్నదే ప్రశ్న.

2005లో ‘అమిటీవిల్’ను మళ్ళీ తీశారు. అమెరికాలో ఇళ్ళ ధరలు ఆకాశానికంటిన రోజులవి. మూడేళ్ళు తిరక్కుండా లక్షలాది కుటుంబాల ఇళ్ళు బ్యాంకుల జప్తుకు పోయాయి. 2013లో జేమ్స్ వాన్ తీసిన ‘ది కాంజురింగ్’లోనూ పాత ఎత్తులే. చప్పట్లు, బీరువా, నేలమాళిగ. ఇల్లు వదిలి ఎందుకు పోరాదని అడిగితే, ఉన్న డబ్బంతా ఇంటిలోనే ఇరుక్కున్నదని ఆ ఇంటి యజమాని చెబుతాడు. ప్రేక్షకులు ఆ జవాబును ప్రశ్నించలేదు. వారికది దెయ్యం కన్న బాగా అర్థమైన సంగతి. 2 కోట్ల డాలర్లతో తీసిన ఆ చిత్రం ప్రపంచమంతటా 31 కోట్లకు పైగా తెచ్చింది. అందులో కథానాయకులు వారెన్ దంపతులే. 2016 నాటి రెండో భాగం మొదలయ్యేది అమిటీవిల్ ఇంట్లోనే. ఒక తేడా మాత్రం ఉన్నది. 1979 చిత్రంలో ఫాదరు పాత్ర ధరించిన రాడ్ స్టైగర్ కళ్ళు పోగొట్టుకొని ఓడిపోతాడు. పైఅధికారులు అతన్ని నమ్మరు. కొత్త చిత్రాల్లో సిలువ పట్టుకున్నవాడు గెలుస్తాడు. ఆనాటి చిత్రానికి కనీసం పరిష్కారం తెలియదన్న నిజాయితీ ఉండేది. ఇప్పటివాటికి అదికూడా లేదు.

ఈ చిత్రాలు మన పట్టణాల్లోనూ బాగా ఆడాయి. మనవారూ ఆ బాట పట్టారు. రామ్‌గోపాల్ వర్మ 1992లో తీసిన ‘రాత్రి’లో కుటుంబం కొత్త ఇంటికి కాపురం మారుతుంది. అతనే 2003లో హిందీలో తీసిన ‘భూత్’లో బొంబాయి మేడమీది ఫ్లాటులో జరిగిన చావును భర్త భార్యకు చెప్పకుండా దాస్తాడు. మంచి ఇల్లు అందుబాటు ధరకు దొరికితే చావును కూడా మరిచిపోవాలన్న నీతి మహానగరాలన్నిటికీ సమానమే. జీతంలో సగం ఇంటి వాయిదాకు పోతున్న ఉద్యోగి, ఇబ్బంది వచ్చినప్పుడు వాస్తు పండితుణ్ణి పిలిచి వాకిలి మార్పిస్తాడు. ఈశాన్యం మూల దోషం కనబడినంత సులభంగా వడ్డీరేటు దోషం కనబడదు.

అయితే మన పని ఏమిటి? తెలంగాణ పల్లెల్లో చేతబడి చేశారన్న అనుమానం మీద మనుషులను కొట్టి చంపిన ఘటనలు అనేకం జరిగాయి. జన విజ్ఞాన వేదిక వంటి సంస్థలు పల్లెల్లో తిరిగి, నిమ్మకాయలోంచి నెత్తురు కార్చి చూపించి, దాని గుట్టు విప్పిచెప్పాయి. ఆ పని గొప్పది, అవసరమైనది. కాని అది సగం పని. డాక్టరు లేని ఊళ్ళో బిడ్డ చచ్చిపోయినప్పుడు పుట్టిన భయం నిమ్మకాయ గుట్టుతో తీరదు. ఒంటరి ముసలమ్మ మీద పడిన నిందకు వెనుక ఆమె అరెకరం మీద ఎవరి కన్ను ఉన్నదో అడగకపోతే గుట్టు మొత్తం విప్పినట్టు కాదు. అమిటీవిల్ దెయ్యం బండారాన్ని ఒక జడ్జి, ఒక న్యాయవాది బహిరంగంగా విప్పినా టిక్కెట్ల దగ్గర క్యూ ఎందుకు తగ్గలేదో ఇక్కడ తెలుస్తుంది. దెయ్యం అబద్ధమని చెప్పినవారున్నారు. అప్పు నిజమని ఆ ప్రేక్షకుడితో ఎవరూ చెప్పలేదు.

కనుక ఉపాధ్యాయులూ, విద్యార్థులూ దెయ్యాల సినిమాలను చీదరించుకొని వదలటం వల్ల ప్రయోజనం లేదు. ప్రతి చిత్రాన్నీ మూడు ప్రశ్నలడిగి చూడవచ్చు. ఈ ఇల్లు ఎవరిది? ఎంతకు కొన్నారు? అంతకు ముందు అక్కడ ఎవరుండేవారు? ఈ మూడిటికీ జవాబులు రాబట్టగలిగితే, తెరమీద తలుపు కిర్రుమన్నప్పుడు ఉలిక్కిపడ్డ విద్యార్థి ఇంటికి వెళ్ళి, ఇంటి వాయిదా కాగితాన్ని అంతే శ్రద్ధగా చదువుతాడు.